కంచెయే కూర పెట్టును
వాక్కాయ పెంపకము – ఉపయోగము

"కంచె చేను మేసినట్లు" అను సామెత ఎరుగని పల్లె లేదు. కాపాడవలసినదే కబళించునప్పుడు పెద్దలు ఆ మాట వాడుదురు. కాని చేనును కాచుటయే గాక, నాటిన వారి ఇంటికి కూరయు, పచ్చడియు, పిల్లలకు పండ్లును పెట్టు కంచె ఒకటి మన నేలలోనే ఉన్నది. అది వాక్క చెట్టు. దాని కాయనే మనము వాక్కాయ అందుము. ఏడాది పొడుగునా పచ్చగా నుండి, ముండ్లతో నిండి, ఎర్ర నేలలందును, రాతి నేలలందును బ్రతుకగల ఈ పొదను గురించి రైతు సోదరులకును, గృహిణులకును తెలియజేయ దలచితిమి.

గుట్టల నడుమ కలివి పొద

సికింద్రాబాదు 1806వ సంవత్సరములో మూడవ ఆసఫ్ జా అయిన సికిందర్ జా పేర వెలసిన పట్టణము. నేడు అది మహానగరములో కలిసిపోయినను, దాని చుట్టునున్న గుట్టలు మాత్రము పట్టణముకంటె ఎంతో పాతవి. ఈ ప్రాంతపు గ్రానైటు రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఆ రాయి ఎండకు, వానకు చితికి ఏర్పడినదే మన ఎర్ర చల్క నేల. ఈ నేలలో నీరు ఎక్కువకాలము నిలువదు. వర్షము జోరుగా కురిసినచో పైమట్టి కొట్టుకొనిపోవును.

అటువంటి చోట, బండరాళ్ళ సందులలో, ఎవరును నాటకయే పెరుగు పొదలలో కలివి ఒకటి. దీనినే కొందరు కలే చెట్టు అందురు. నేలకు దగ్గరగా గుబురుగా అల్లుకొని, పిలకలు వేయుచు ప్రక్కలకు వ్యాపించును. వేసవి చివరనుండి తొలకరి వరకు నల్లని చిన్న పండ్లు పండును. పశువులను మేపుటకు వెళ్ళిన పిల్లలు ఈ పండ్లను ఏరి, మోదుగాకు దొప్పలలో పోసికొని, మూతి నల్లబడునట్లు తినెడివారు. పిగిలిపిట్టలకును ఇవి ప్రీతి. పిట్ట తిని విడిచిన గింజయే మరియొక రాతి సందున మొలచును.

ఇప్పుడు గుట్టలు అనేకము కంకర క్వారీలైనవి. మిగిలినవి ఇండ్ల స్థలములైనవి. గుట్టతోపాటు కలివి పొదయు పోవుచున్నది. కావున ఇకమీదట ఈ జాతి నిలువవలెనన్నచో, గుట్టమీద కాక మన గట్టుమీద నిలువవలెను. అందుకు కలివికి అన్నవంటిదైన వాక్క మిక్కిలి తగినది.

వాక్కను గుర్తించుట ఎట్లు?

కలివి, వాక్క ఒకే కుటుంబమునకు చెందినవి. శాస్త్రజ్ఞులు కలివిని కరిస్సా స్పైనారం అనియు, వాక్కను కరిస్సా కరండాస్ అనియు పిలుతురు. ఈ రెండు పేర్లను 1767లో స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టెను. హిందీలో వాక్కాయను కరౌందా అందురు.

వాక్క మొక్క ఆకులు కొమ్మకు ఇరువైపుల ఎదురెదురుగా ఉండును. ఆకు మందముగా, నున్నగా, ముదురు పచ్చగా, కొన గుండ్రముగా నుండును. కొమ్మలపై గట్టి ముండ్లు జంటలుగా వచ్చును. ఆకు త్రుంచినను, కాయ కోసినను తెల్లని పాలు కారును. పూలు మల్లెపూలవలె తెల్లగా, సువాసన కలిగి, గుత్తులుగా పూయును. కాయ మొదట పచ్చగాను, పిదప తెలుపు గులాబి రంగులు కలిసియు, పండిన పిమ్మట నల్లని ఊదారంగుగాను మారును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట మా విధి. పాలుగారు చెట్లన్నియు తినదగినవి కావు. గన్నేరును ఈ కుటుంబములోనిదే. పెరటి కంచెలందు తరచుగా పెంచు పచ్చ గన్నేరు కాయలు ప్రాణాంతకమైన విషము. దానికి ముండ్లు ఉండవు. ఆకులు సన్నగా పొడవుగా ఉండును. పూలు పసుపుపచ్చగా గంటవలె ఉండును. జంట ముండ్లు, గుండ్రని ఆకు, తెల్లని పూవు – ఈ మూడును కలిసి కనిపించినప్పుడే అది వాక్క యని ఎంచవలెను. వాక్కలో సహితము తినదగినది కాయ మాత్రమే. ఈ సంగతి పిల్లలకు చెట్టు చూపించి మరీ చెప్పవలెను.

కంచె ప్రాణము తీయరాదు

చేనికి కంచె ఎందుకని ఎవరును అడుగరు. పశువులు, మేకలు ఒక్కపూట పడినచో నెలల కష్టము పోవును. అందుకే రైతు ఏటేట తుమ్మకంపయో, రేగుకంపయో నరికి తెచ్చి చుట్టును వేయును. మరుసటి ఏటికి అది చెదలు తినిపోవును. మరల కంప, మరల కూలి. కలిగినవారు ఇనుప ముళ్ళతీగ కట్టుదురు గాని దానికి చాల సొమ్ము కావలెను. సర్కారు తుమ్మను పెంచినవారు అది చేనిలోనికే వ్యాపించి బాధించుట చూచుచున్నారు.

వీటన్నిటికంటె ఘోరమైనది కరెంటు తీగ. అడవిపందుల బెడదకు తాళలేక, రాత్రివేళ చేని చుట్టును తీగ లాగి విద్యుత్తు కలుపువారు కొందరున్నారు. పంది చచ్చుట అటుంచి, చీకటిలో నీరు కట్టబోయిన ప్రక్క పొలము రైతు, ఒక్కొక్కసారి తీగ పెట్టినవాడే, ప్రాణములు కోల్పోయిన సంఘటనలు మన జిల్లాలలో పలుమార్లు జరిగినవి. అది చట్టరీత్యా నేరము. నేరమను మాట ప్రక్కన బెట్టినను, ఒక బస్తా ధాన్యమునకై ఒక కుటుంబము దిక్కులేనిదగుట ఎవరికి సమ్మతము?

దట్టముగా పెరిగిన వాక్క కంచెలో పశువు దూరదు, మేక దూరదు. అడవిపందిని ఒంటి వరుస పూర్తిగా ఆపునని మేము చెప్పము. కాని రెండు వరుసలు ఎదురుబొదురు కాకుండ నాటి, అడుగునుండి కొమ్మలు వచ్చునట్లు పెంచినచో, దానికిని దారి కష్టమగును. దీనిచేత మనిషి ప్రాణమునకు మాత్రము ముప్పు లేదు.

కంచెగా దీని సత్తువ మనవారికి క్రొత్తగాదు. ఆంగ్లేయుల కాలములో ఉప్పుపై పన్ను ఎగవేయకుండుటకు, వాయవ్యమున సింధు నది మొదలు తూర్పున ఒడిశా వరకు సుమారు 4,000 కిలోమీటర్ల సుంకపు సరిహద్దు ఏర్పరచిరి. అందులో చాలభాగము ముళ్ళ కంచె. 1867 ప్రాంతమున ఆ శాఖకు అధికారియైన హ్యూము, ఎండుకంప నిలుచుట లేదని గ్రహించి, ఏ నేలకు ఏ మొక్క తగునో పరీక్షించి పచ్చని కంచె పెంచెను. రేగు, తుమ్మ, జెముడులతోపాటు ఆయన ఎన్నుకొన్న మొక్కలలో ఈ వాక్కయు ఒకటి. 1879లో ఆ సరిహద్దు రద్దయ్యెను. ఆ హ్యూమే 1885లో భారత జాతీయ కాంగ్రెసు స్థాపకులలో ఒకడయ్యెను. నాడు పేదవాని ఉప్పును అడ్డగించుటకు వాడిన మొక్కను, నేడు పేదవాని చేనును కాచుటకు మనము వాడుకొనవచ్చును.

నారు పెంచుట

వాక్కకు నారు పోయుట కష్టము కాదు. బాగుగా పండి నల్లబడిన పండ్లను ఏరి, గుజ్జు తీసి, గింజలను కడిగి నీడన ఆరబెట్టవలెను. ఈ గింజలకు మొలకెత్తు శక్తి ఎక్కువకాలము నిలువదు. పాత గింజలు దాచి మరుసటి ఏడు చల్లి, మొలువలేదని విచారించువారు కలరు. కావున తీసిన కొద్దిదినములలోనే విత్తవలెను. ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఇందుకు అనుకూలము.

ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమముగా కలిపి, నీరు పోవుటకు రంధ్రములున్న పాలిథీను సంచులలో నింపి, సంచికి రెండు గింజలు వేయవలెను. మొలకలు వచ్చిన పిదప బలమైన దానిని ఉంచి రెండవదానిని తీసివేయవలెను. మొదట మొక్క నిదానముగా పెరుగును. దానికి తొందరపడరాదు. మరుసటి తొలకరికి అది నాటుటకు సిద్ధమగును.

తెలంగాణలో 2015లో హరితహారము ప్రారంభమైన తరువాత పలు గ్రామములలో నర్సరీలు ఏర్పడినవి. మీ గ్రామమున నర్సరీ ఉన్నచో, నీడ చెట్లతోపాటు వాక్క నారును పెంచవలసినదని గ్రామసభలో అడుగుట మంచిది. పదిమంది రైతులు కలిసి అడిగినచో పని సులువగును.

నాటుట, కత్తిరించుట

గుంతలను ఎండకాలములోనే త్రవ్వి ఎండనీయవలెను. మూరెడు లోతు, మూరెడు వెడల్పు చాలును. పైమట్టితో చివికిన ఎరువు ఐదారు కిలోలు కలిపి గుంత నింపవలెను. మృగశిర కార్తెలో మంచి వాన కురిసిన పిమ్మట మొక్కలు నాటవలెను. కంచెకొరకైనచో మొక్కకు మొక్కకు మూడడుగుల దూరము ఉండవలెను. ముదుకనిండ కాయలు కావలెనని తోటగా వేయువారు ఎనిమిది, పది అడుగుల దూరమిచ్చి నాటవచ్చును. నీరు నిలిచి ఉండు పల్లపు నేల వాక్కకు పనికిరాదు. తక్కిన నేలలు, కొద్దిపాటి చవుడు ఉన్నవి సహితము, దానికి సరిపడును.

మొదటి రెండు వేసవులలో వారము పదిదినములకొకసారి కుండెడు నీరు పోయవలెను. వేరు లోతునకు దిగిన పిదప వాననీటితోనే బ్రతుకును. లేతప్రాయములో మేకలు కొరుకకుండ ఎండుకంప చుట్టవలెను. పెద్దదైన తరువాత దాని ముండ్లే దానికి కాపలా.

కంచె మంచిదగుటయు, చెడ్డదగుటయు కత్తిరింపులోనే ఉన్నది. మొక్కను దానిమానాన వదలినచో పైకి పెరిగి అడుగున బోడియగును. ఆ సందులోనుండియే మేక దూరును. కావున మొదటి ఏడు అడుగు ఎత్తున కొన త్రుంచవలెను. అప్పుడు అడుగునుండి ప్రక్క కొమ్మలు పుట్టును. మరుసటి ఏడు రెండడుగుల ఎత్తున త్రుంచవలెను. ఇట్లు క్రమముగా నాలుగడుగుల ఎత్తునకు తేవలెను. ఎచ్చటనైన మొక్క చచ్చి సందు ఏర్పడినచో, ప్రక్క మొక్క కొమ్మను నేలకు వంచి, గాటుపెట్టి, మట్టి కప్పి, రాయి ఉంచినచో అది వేరు తొడిగి ఆ సందు నింపును.

పూత మాఘ ఫాల్గుణములందు మొదలగును. కావున కత్తిరింపును కాయలు కోసిన వెంటనే, అక్టోబరులోపల ముగించవలెను. పూత వచ్చు ముందు కత్తిరించినవారు కంచెను పొందుదురు గాని కాయను పోగొట్టుకొందురు. ఆకులను తిను పెద్ద పచ్చపురుగులు అప్పుడప్పుడు కనబడును. వాటిని ఏరివేయుట చాలును.

వాలు నేలలందు కట్టలపై వాక్కను అడ్డముగా వరుసలు నాటి, రెండడుగుల ఎత్తుకంటె పెరగనీయకుండ కత్తిరించినచో, అది దుప్పటివలె నేలను కప్పును. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. వేళ్ళు మట్టిని పట్టియుంచును. గుట్టలపై కలివి చేయుచుండిన పనినే ఇది మన గట్లపై చేయును.

ఎంత కాయ వచ్చును?

గింజనుండి పెరిగిన మొక్క సుమారు మూడవ ఏట కాపునకు వచ్చును. చతురస్రమైన ఒక ఎకరము పొలము చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. మూడడుగుల దూరమున నాటినచో 280 మొక్కలు పట్టును. కత్తిరించు కంచెలో కాపు తోటలోనికంటె తక్కువగనే ఉండును. మొక్కకు రెండు కిలోలే అనుకొన్నను, ఐదువందల కిలోలకు పైబడి కాయ చేతికి వచ్చును. అదియు దున్ని విత్తు నేలను వదలుకొనకుండ, గట్టుమీదనే వచ్చునది. ముండ్లవలన కోత నిదానముగా సాగును. మందపు గుడ్డ చేతికి చుట్టుకొని, కొంకికఱ్ఱతో కొమ్మ వంచి కోయవలెను.

వంటయింటిలో వాక్కాయ

వానకాలమున సికింద్రాబాదు మోండా మార్కెటులో నడచునప్పుడు, కూరగాయల నడుమ గులాబిరంగు తిరిగిన వాక్కాయల కుప్పలు మా కంటబడినవి. ఎట్లు వండవలెనని అడుగగా, అమ్ముచున్న అవ్వ నవ్వి, "చింతపండు ఏడ ఏస్తవో ఆడ ఇది ఎయ్యి బిడ్డా, గంతే" అనెను. వాక్కాయ వంట శాస్త్రమంతయు ఆ ఒక్క మాటలో ఉన్నది.

ముందుగా కాయలను కడిగి, రెండుగా చీల్చి, గింజలు తీసి, ఉప్పు కలిపిన నీటిలో కొంతసేపు ఉంచవలెను. పాలు విడిచిపోవును. చేతులకు కొద్దిగా నూనె రాచుకొన్నచో జిగురు అంటదు. పులుపు ఎక్కువ గనుక కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో వండరాదు.

పప్పు: ఒక గిన్నె కందిపప్పునకు పది పన్నెండు కాయలు చాలును. పప్పు ఉడికిన పిదప కాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు వేసి మెత్తబడువరకు ఉంచి, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టవలెను.

పచ్చడి: ముక్కలను నూనెలో మగ్గబెట్టి, వేయించిన మిరపకాయలు, మెంతులు, ఆవాలు, ఉప్పు చేర్చి రోట నూరవలెను. తడి తగులనీయక, కారము, ఆవపిండి, నూనె సమృద్ధిగా పోసి ఊరగాయగా పెట్టినచో చాలకాలము నిలువ ఉండును. వాక్కాయ పులిహోరయు రుచికరము. మాంసము తినువారు మాంసపు కూరలో పులుపునకు దీనిని వేయుదురు.

తీపి పదార్థములకు వాక్కాయ ఇంకను ప్రసిద్ధము. ఇందు పెక్టిన్ అను పదార్థము అధికము. అందుచేత రసము దానంతట అదే గడ్డకట్టును. దోరకాయలు, పండ్లు కలిపి మునుగునంత నీటిలో ఉడికించి, పిండకుండ గుడ్డలో వడగట్టి, గిన్నె రసమునకు ముప్పాతిక గిన్నె చక్కెర వేసి చిక్కబడువరకు కాచినచో చక్కని ఎర్రని జెల్లీ తయారగును. రొట్టెల అంగళ్ళలో కేకులపై "చెర్రీ" అని పెట్టు ఎర్రని పండు పలుచోట్ల చెర్రీ కాదు. ఉప్పునీట ఊరబెట్టి, గింజ తీసి, చక్కెర పాకమును దినదినము చిక్కబరచుచు నానబెట్టి, రంగు వేసిన వాక్కాయయే. నగరమున కొను ఆ వస్తువునకు మూలము మన గట్టుమీద కాయగలదని మహిళా సంఘములవారు గుర్తింతురు గాక. జెల్లీ, ఊరగాయలు చేసి అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించుకొనవలెను. రంగు వాడినచో ఆహారమునకు అనుమతించినదే వాడవలెను.

వాక్కాయలో సి విటమినును, ఇనుమును కలవు. అది మంచి ఆహారము. సర్వరోగ నివారిణి మాత్రము కాదు. పులుపు సరిపడనివారు మితముగా తినవలెను.

ఈ తొలకరికే

కంచె కట్టుట ఏటేట చేయు ఖర్చు. వాక్క నాటుట ఒక్కమారు చేయు పని. మూడేండ్లు ఓపికతో సాకిన మొక్క ఆ పిమ్మట ఎన్నో ఏండ్లు కాచును. ఒక్క ఏటనే పొలము నాలుగు వైపుల నాటలేనివారు పశువులు ఎక్కువగా పడు వైపున మొదలుపెట్టవచ్చును. పొలము లేనివారు పెరటి దడికి నాలుగు మొక్కలు నాటుకొనవచ్చును. పాఠశాలల ఆవరణ చుట్టును నాటినచో పిల్లలకు చెట్టును, పూవును, కాయను చూపి చెప్పుటకు వీలగును.

ప్రక్క పొలము వారితో కలిసి ఉమ్మడి గట్టుమీద ఒకే వరుస నాటుకొన్నచో ఖర్చు సగమగును, కాయ ఇద్దరికిని దక్కును. గట్టు తగవులున్నచోట సహితము ఇట్టి కంచె హద్దుగా నిలిచి తగవు తీర్చును. చీకటిలో ఎవరి ప్రాణమును తీయక, పగటివేళ ఇరువురి ఇండ్లకును కూర పెట్టు కంచె మన ఊర ఉండవలెనన్నచో, ఈ వానకాలములో పండు గింజను ఏరి సంచిలో వేయుటతో పని మొదలగును.